తెల్లకోళ్ల మేత కోసం ఆళ్లగడ్డకు

గుంటూరు నుంచి నంద్యాలకు రైలు నల్లమల అడవి మధ్యగా పోతుంది. ఆ దారిన వెళ్లొచ్చినవాళ్లు కొండల గురించీ, సొరంగాల గురించీ, లోయ మీద కట్టిన ఎత్తయిన వంతెన గురించీ చెబుతారు. నాకు మాత్రం ఆ దారి అనగానే ముందు ఎండుచేపల వాసన గుర్తొస్తుంది. కొండలు ఆ తరవాతే.

అది కొత్త పైసలు వచ్చిన ఏడు. బాపట్ల దగ్గర ఒక పల్లెలో టీచరుగా చేస్తున్నాను. నాకింకా పెళ్లి కాలేదు. మా అక్క గ్రేసమ్మను ఆళ్లగడ్డలో ఇచ్చారు. బావ పేరు దేవదానం, ఆయనా బడిపంతులే. ఊపిరితిత్తుల జబ్బు చేసి చాలాకాలం శానిటోరియంలో ఉండి, ఆ చలికాలంలోనే ఇంటికొచ్చాడు. జబ్బు తగ్గింది, ఇక ఒళ్లు పట్టాలి, పాలూ గుడ్లూ బాగా పెట్టమని డాక్టర్లు చెప్పి పంపారు. పాలకు ఎలాగో తంటాలు పడుతోంది గానీ, రోజూ గుడ్లు కొని పెట్టడం అక్క వల్ల కాలేదు. నంద్యాలలో ఒక దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ తను పెంచుకునే తెల్లకోళ్లను అమ్మేస్తోందని తెలిసి, మెళ్లో గొలుసు తీసి ఇచ్చి వాటిని తెచ్చుకుంది.

తెల్లకోళ్లంటే ఇప్పుడు వింత లేదు. అప్పట్లో వాటిని చూడ్డానికి పక్క వీధుల్లోంచి వచ్చేవాళ్లు. మన నాటుకోడి నాలుగు గుడ్లు పెట్టి పొదుగుడుకు కూర్చుంటే, ఇవి కూర్చోకుండా పెడుతూనే ఉంటాయి. అయితే దొరసాని వాటికి మద్రాసు నుంచి సంచుల్లో మేత తెప్పించేది. అక్క దగ్గర జొన్నలు తప్ప ఏమీ లేవు. వాటినే వేసింది. నెల తిరక్కుండా గుడ్లు తగ్గిపోయాయి. ఆ పైన ఒకదాని ఈకలు ఒకటి పీక్కు తినడం మొదలెట్టాయట. మా సముద్రం వైపు కోళ్లకు ఎండుచేపల పొట్టు వేస్తారు. సెలవులకు వచ్చేటప్పుడు ఒక డబ్బా తెమ్మని అక్క కబురు చేసింది. అలా ఒక కిరసనాయిలు డబ్బా నిండా చేపల పొట్టు నింపి, మూత మీద గుడ్డ కట్టి, నేను రైలెక్కాను.

రైలులో

వినుకొండ దాకా ఎవరూ ఏమీ అనలేదు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, గాలి బాగా వీస్తోంది. మార్కాపురం దాటాక ఎండ ముదిరింది. ఎండతోపాటు డబ్బా కూడా. గిద్దలూరులో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఎదురుగా కూర్చుంది. పసుపు రాసుకున్న మొహం, ఒళ్లో మూట. కూర్చున్న కాసేపటికే చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందది పాపా, ఆ డబ్బాలో?"

"కోళ్ల మేతండీ."

"మేత ఇట్ల కంపు కొడ్తాదా? నేను మహానందికి పోతాండా. తలకు పోసుకోని బయల్దేరినా. ఈ కంపుతో దేవుని కాడికి ఎట్ల పోవల్ల?"

నేను డబ్బాను బల్ల కిందికి నెట్టాను. ఆవిడ కాళ్లు పైకి ముడుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

దిగువమెట్టలో రైలు చాలాసేపు ఆగింది. అక్కణ్నుంచి ఎక్కుడు కాబట్టి వెనక ఇంకో ఇంజను తగిలిస్తారు. అడవిలో చిన్న స్టేషను. ఎటు చూసినా మోడువారిన చెట్లు, వాటి మధ్య అక్కడక్కడా ఎర్రగా చిగుళ్లు. ఆవిడ మూట విప్పుతూ, "రైలు నిలిచినంతసేపన్నా దాన్ని కింద పెట్టు తల్లీ. రెండు ముద్దలు తినల్ల" అంది. అడిగిన తీరు చూస్తే కాదనబుద్ధి కాలేదు. డబ్బా దించి చెట్టు కింద పెట్టి, మరచెంబుతో నీళ్లు పట్టుకుందామని వెళ్లాను.

వెనక్కి తిరిగేసరికి కుక్కలు. ఎక్కణ్నుంచి వచ్చాయో, మూత కట్టిన గుడ్డ లాగేశాయి. డబ్బా దొర్లి పొట్టంతా మట్టిలో కలిసింది. అదిలిస్తే పోవే. అప్పుడు ఎవరు దిగారనుకున్నారు? ఆ పెద్దావిడే. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని, ఎడమ చేత్తో చెప్పు తీసి ఒక్కో కుక్కనూ బాదింది. అడుగున మిగిలిన కాస్త పొట్టునూ తన పాత గుడ్డలో మూట కట్టి నా చేతికిచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆళ్లగడ్డ సంగతి, బావ సంగతి అంతా చెప్పేశాను.

"ఏడవాకు" అంది ఆవిడ. "చేపలు మాకు యాడ దొరుకుతాయి? మా అడివి పల్లెల్లో కోళ్లకి బుడ్డల చెక్క నానేసి పెడ్తారు. నంద్యాల నిండా నూనె మిల్లులే. చెక్కకేం కరువు?"

"బుడ్డలంటే ఏమిటండీ?"

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "బుడ్డలు తెలీవా? బుడ్డలంటే బుడ్డలే!" మూటలోంచి గుప్పెడు తీసి చూపించింది. వేరుశనగకాయలు! చెక్కంటే వాటి నూనె తీశాక మిగిలే పిప్పి అన్నమాట. మా వైపు బుడ్డి అంటే కిరసనాయిలు దీపం. ఆ మాట చెబితే ఆవిడ పకపకా నవ్వింది. నాకు సగం జొన్నరొట్టె, దాని మీద ఇంత పచ్చడి పెట్టి ఇచ్చింది. ఆ కారానికి నా కళ్లలో నీళ్లు తిరిగితే, ఇంకా చేపల కోసమే ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. వంతెన మీదికి రైలు రాగానే కిటికీలోంచి అందరూ లోయ చూస్తున్నారు. నేను రొట్టె తింటున్నాను.

నంద్యాల

స్టేషనులో అక్క నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. గొలుసు లేని మెడ చూసి నేను తల తిప్పుకున్నాను. కుక్కల సంగతి విని నా చేతిలోని మూట అందుకుంది. తరవాత, "పోనీలే. నువ్వొచ్చినావు గదా" అంది. మా అక్క మాట అప్పటికే మారిపోయింది. "ఏందీ, ఇంత నల్లగైనావే?" అంటుంటే ఎవరో కొత్త మనిషితో మాట్లాడుతున్నట్టుంది.

ఆ రాత్రికి అక్క స్నేహితురాలైన ఒక నర్సు ఇంట్లో ఉన్నాం. పొద్దున్నే వీధి చివర హోటల్లో ఉగ్గాని తిన్నాం. మరమరాలు నానబెట్టి పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. మరమరాలతో ఉప్మా ఏమిటని ముందు నవ్వాను గానీ తిన్నాక నోరెత్తలేదు. ప్లేటు ఒక అణా. అణా ఇవ్వాలా, కొత్త పైసలు ఇవ్వాలా అని హోటలాయనకూ ఇంకొకాయనకూ అక్కడే వాదన. ఆ వేసవిలో ఏ ఊరి హోటల్లో చూసినా అదే గొడవ.

నంద్యాల ఇళ్లు నాకు వింతగా కనిపించాయి. నేలంతా నాపరాళ్లు, కొన్నిళ్లకు కప్పు కూడా నాపరాళ్లే. మధ్యాహ్నం నిప్పులు కురుస్తున్నా లోపల బండ మీద పడుకుంటే చల్లగా ఉంటుంది. మా తాటాకిళ్లలో పెరిగిన నాకు ఆ చల్లదనం ఇప్పటికీ వీపుకు తెలుస్తూనే ఉంటుంది.

ముందు బియ్యం మిల్లుకు వెళ్లాం. మిల్లు వెనక ఆడవాళ్లు ఊకా తవుడూ వేరుచేస్తున్నారు. ఒకామె అక్క చేతిలో ఇంత తవుడు పోసి, "నలిపి చూడు. జిడ్డు తగిలితే మంచిది, గరుకుంటే ఊక కలిసినట్ల" అంది. తవుడు చవగ్గానే దొరికింది. నాపరాళ్లు కోసేచోట తెల్లటి రాతిపొడి కుప్పలుగా పడి ఉంది. గుడ్డు పెంకు గట్టిపడాలంటే సున్నం కావాలి గదా, ఇదీ సున్నపురాయే గదా అని నర్సు చెప్పిందట. ఒక సంచిలో నింపుకుంటామంటే అక్కడి మేస్త్రీ, "బండ్లతో ఎత్తుకపోండి, మాకు జాగా మిగుల్తాది" అన్నాడు.

చెక్క దగ్గరే చిక్కొచ్చింది. నూనె మిల్లులున్నాయి, కాని కాయల కాలం అయిపోయింది. కొత్త చెక్క ఎప్పుడో లారీలెక్కి వెళ్లిపోయింది. మిగిలినది ఎద్దులున్నవాళ్లు ముందే చెప్పిపెట్టుకున్నారు. తిరిగి తిరిగి కాళ్లు కాలాక ఒక కొట్లో మూల పడి ఉన్న పాత చెక్క దొరికింది. మా దగ్గరున్న డబ్బులకు అదే వచ్చింది. విరిచి చూస్తే లోపల కాస్త బూడిదరంగు. అక్క ఒక నిమిషం ఆలోచించి, "కోళ్లు పెంటలో ఏరుకోని తినేవే గదా" అంది. తీసుకున్నాం.

బస్సు మీదికి మూటలెక్కిస్తుంటే కండక్టరు అడిగాడు. "తవుడూ చెక్కా! ఎన్ని జతల ఎద్దులుండాయమ్మా?"

"ఎద్దులు ల్యావన్నా. కోళ్లకి."

బస్సులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఒక ముసలాయన తలపాగా సర్దుకుంటూ, "మా కోళ్లు మేం పెట్టేది యాడ తింటాయి! పొద్దున తలుపు తీస్తే పోతాయి, మాపటికి వస్తాయి" అన్నాడు. అక్క కూడా నవ్వింది. శిరివెళ్ల దాటేదాకా దారి పొడవునా పంట కోసేసిన నల్లరేగడి పొలాలు, కాలు దూరేంత నెరియలు. మా వైపు వేసవిలో కూడా ఎక్కడో ఒకచోట పచ్చగా ఉంటుంది. ఇక్కడ ఆ నలుపే. చూడగా చూడగా అదీ బాగానే అనిపించింది.

ఆళ్లగడ్డ

బావ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెళ్లిలో చూసిన మనిషి కాదు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. నన్ను చూడగానే, "ఏం మరదలా, సముద్రమంతా ఆళ్లగడ్డకు తెస్తాండావని చెప్పిరే, యాడ?" అన్నాడు. కుక్కల కథ చెబితే దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గు రాగానే అక్క మొహంలో నవ్వు పోయింది.

కోళ్లను చూస్తే జాలేసింది. తెల్లకోళ్లన్నారే గాని వాటి వీపుల మీద ఈకలు లేవు, ఎర్రటి తోలు కనిపిస్తోంది. మూలమూలల నక్కి ఉన్నాయి. ఒక్క పుంజు మాత్రం దర్జాగా తిరుగుతోంది.

ఆ రోజు దొరికింది ఒకే ఒక్క గుడ్డు. అక్క ఉడకబెట్టి బావ పళ్లెంలో పెట్టింది. బావ దాన్ని నా పళ్లెంలోకి తోశాడు, చుట్టం వచ్చింది గదా అని. నేను అక్క పళ్లెంలో వేశాను. అక్క మళ్లీ బావకు. ఇలా గుడ్డు చల్లారిపోయేదాకా తిరిగింది. చివరికి బావ దాన్ని మూడు ముక్కలు చేశాడు. మూడో వంతు గుడ్డుతో ఎవరికి ఒళ్లు పడుతుంది?

మర్నాటి నుంచి తవుడులో నానబెట్టిన చెక్క పిసికి, రాతిపొడి చల్లి, మట్టిమూకుళ్లలో పెట్టాం. కోళ్లు ఎగబడి తిన్నాయి. మేమిద్దరం పండగ చేసుకున్నట్టు చూస్తూ కూర్చున్నాం. రెండు మూడు రోజులు గడిచాయో లేదో, ఒక కోడి రెక్కలు వాల్చేసి పక్కకు ఒరిగింది. సాయంత్రానికి ఇంకొకటి. తెల్లారేసరికి రెండూ చచ్చి పడి ఉన్నాయి. మరో రెండు తూలుతున్నాయి.

బావ నెమ్మదిగా అన్నాడు. "ఇంక సాలు గ్రేసూ. ఉన్నవన్నా సంతకు తోలేద్దాం. నాకు గుడ్లొద్దు."

అక్క అప్పటిదాకా చచ్చిన కోళ్ల పక్కనే కూర్చుని ఉంది. ఆ మాటకు లేచింది. మా అక్క గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఊర్లోవాళ్లు నీ ముందర నవ్వుతారు. బావి కాడ నన్ను పట్టుకోని 'ఎట్లుండాడు' అని గుసగుసగా అడుగుతారు. అడిగేటప్పుడు వాళ్ల మొగాలు నువ్వు సూళ్లేదు, నేను దినామూ సూస్తాండా. ఈ కోళ్లు నా కాడ ఉన్నన్నాళ్లూ నేను ఏందో ఒకటి చేస్తాండానని ఉంటాది. ఇవి గూడా పోతే రేయంతా కూచోని నీ దగ్గు వినాల్సిందే నేను. అమ్మమంటావా? అమ్మేస్తా. చెప్పు, అమ్మేస్తా."

 బావ లేచి, గోడకానించిన పార తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. శానిటోరియం నుంచి వచ్చాక ఆయన పార ముట్టుకోవడం అదే మొదలట. రెండు దెబ్బలకే ఆయాసపడి, పార మీద ఆనుకుని ఆగుతున్నాడు. మళ్లీ తవ్వుతున్నాడు. నేను సాయం చేయబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

కంచె అవతల ఓబులమ్మ

పెరడు దాటితే ఓబులమ్మ దొడ్డి. పాతకాలపు భూస్వాముల ఇల్లు, ఎన్నో జతల ఎద్దులు. భర్త పోయాక సేద్యమంతా ఆమె చేతిమీదే నడిచేది. ఓబులమ్మ అక్కావాళ్లతో కంచె దగ్గర మాట్లాడుతుంది గానీ కంచె దాటి రాదు. వీళ్లూ వెళ్లరు. ఆ ఊళ్లో ఎవరి హద్దులు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"ఏం పంతులూ, పొద్దున్నే ఏం పూడుస్తాండావ్?" అంది కంచె అవతల నుంచి.

బావకు మాట్లాడే ఊపిరి లేదు. అక్క చెప్పింది. ఓబులమ్మ చెయ్యి చాచి, "ఆ చెక్క తే, సూస్తా" అంది. విరిచి, వాసన చూసి, ఒక్క విసురున అవతల పారేసింది.

"బూజు పట్టిపోయింది. ఎద్దు గూడా ముట్టదు దీన్ని. ఎవుడమ్మినాడమ్మే నీకు? మిగిలిందంతా ఆ గుంతలోనే ఏసి పూడ్చండి." తరవాత కోళ్ల వైపు చూసింది. "శానా దినాల్నుంచి సూస్తాండా వాటిని. ఇవి పొదగవంట, నిజమేనా?"

"పొదగవు పెద్దమ్మా. పెట్టడమే."

"మా నల్లవి పెట్టేది తక్కువ. కూచున్నాయంటే లేవవు. నీ గుడ్లు ఒక పొదుగుకు సరిపోయేటివి నాకియ్యి. నేను చెక్క ఇస్తా. నా దొడ్లో మంచిది ఉండాది."

"ఎద్దులకి సాలొద్దా?"

"ఈ ఎండల్లో ఎద్దులు ఏం దున్నుతాండాయి? ఏరువాక దాకా పండుకోని తినేదే గదా. కొంచెం తక్కువ తింటే ఏం గాదు."

ఆ సాయంత్రమే జీతగాడు కంచె మీంచి చెక్క మూట అందించాడు. విరిస్తే టక్కుమంది. లోపల లేత పసుపు రంగు, వేయించిన కాయల వాసన. కంచె మీంచే ఓబులమ్మ ఇంకా ఇంకా చెబుతుండేది. ఏ పూటది ఆ పూటే నానేయమంది, ఎండలో మిగలనియ్యొద్దంది. కొర్రలు దంచిన చిట్టు పంపింది. వాకిట్లో ములగచెట్టు ఆకు సన్నగా తరిగి కలపమని బావ తనకే తోచి చెప్పాడు. చెక్క దంచే పని కూడా ఆయనే తీసుకున్నాడు. మొదట కూర్చుని, రోట్లో నాలుగు పోట్లు వేసి ఆగేవాడు. రోజులు గడుస్తుంటే నిలబడి దంచడం మొదలెట్టాడు. ఆకలవుతోందే అని తనే ఆశ్చర్యపోయేవాడు.

ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు తవుడు వాసనా, ములగాకు పచ్చివాసనా కలిసి వస్తాయి. తూలిన రెండు కోళ్లలో ఒకటి పోయింది, ఒకటి తేరుకుంది. ఈకలు పీక్కోవడం ముందు మానేశాయి. గుడ్లు మాత్రం రాలేదు. అక్క రోజూ గంప కింద చెయ్యి పెట్టి వెతికి, ఖాళీ చేత్తో లేచేది. నేను ఇంటికి ఇంకో వారం ఆలస్యంగా వస్తానని కార్డు రాశాను.

ఒక పొద్దున అక్క గంప దగ్గర నుంచి లేవలేదు. వెళ్లి చూస్తే చేతిలో తోలుగుడ్డు. పెంకు లేదు, మెత్తగా సంచిలా ఉంది. ఇద్దరం దాన్నే ముద్దు చేశాం. అది మొదలు ఒకదాని తరవాత ఒకటి పెట్టడం మొదలెట్టాయి, వారం తిరిగేసరికి గట్టి పెంకుతో, చేతిలో బరువుగా. అక్క రోజూ పొద్దున బావకు రెండు గుడ్లు పెట్టేది. ఒకటి నాకూ ఒకటి తనకూ పళ్లెంలో కనబడితే గాని ఆయన ముట్టేవాడు కాదు. మాటిచ్చినట్టే అక్క కొన్ని ఓబులమ్మ కొంగులో పోసింది. ఓబులమ్మ ఒక్కో గుడ్డూ ఎండకెత్తి చూసుకుంటూ, "దొరసాని బిడ్డలు మా రెడ్లింట్లో పుడ్తాండారు!" అని నవ్వింది.

చివరి ఆదివారం

నేను బయల్దేరే ముందురోజు ఆదివారం. ముగ్గురం గుడికి వెళ్లాం. ఊరి చివర, మేం గుడి అనే చిన్న చర్చి, నాపరాళ్ల నేల, చాపలు. బావ అంత దూరం నడవడం జబ్బు చేశాక అదే మొదలు. దారిలో రెండుచోట్ల ఆగాడు. ఎవరింటి అరుగు మీదో కూర్చుని మంచినీళ్లు తాగి, మళ్లీ లేచాడు.

బావకు మంచి గొంతు ఉండేదని చెప్పాలి. జబ్బుకు ముందు ఆ గుడిలో పాట ఎత్తుకునేది ఆయనే. పెళ్లిచూపుల్లో మా నాన్న ఆయన జీతం అడగలేదు, పాట పాడమన్నాడు. శానిటోరియం నుంచి వచ్చాక మాత్రం ఇంట్లో కూడా కూనిరాగం తీయలేదట.

ఆ రోజు పాట దగ్గరకొచ్చేసరికి అలవాటుగా అందరూ ఆయన వైపు చూసి, వెంటనే చూపులు దించుకున్నారు. పాస్టరుగారు తనే మొదలెట్టబోయాడు. అప్పుడు బావ లేచాడు. మొదటి చరణం ఎత్తుకున్నాడు. గొంతు సన్నగా ఉంది, కాని అదే గొంతు. గుడిలో పిల్లలు కూడా కదల్లేదు. రెండో చరణం సగంలో ఊపిరి అందలేదు. ఆగిపోయాడు. కూర్చుంటాడేమో అనుకున్నాను. గోడకు చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు.

ఆడవాళ్ల వైపు నుంచి అక్క లేచి, ఆయన వదిలినచోటి నుంచి పాట అందుకుంది. అక్కకు శ్రుతి కుదరదు, చిన్నప్పుడు ఇంట్లో అందరం ఏడిపించేవాళ్లం. ఆ రోజూ కుదరలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఆమె ఆ చరణం ముగించేలోగా బావకు ఊపిరి వచ్చింది. మూడోదానికి ఇద్దరూ కలిసి పాడారు.

బావ ఆ తరవాత చాలా ఏళ్లు బతికాడు. బడికి వెళ్లాడు, పాట ఎత్తుకున్నాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. నేను ఇంకా ఎన్నో ఊళ్లు చూశాను, పేరున్న పాటగాళ్లు పాడితే విన్నాను. ఆళ్లగడ్డ గుడిలో, ఆ ఉక్కలో, మా అక్క శ్రుతి తప్పుతూ పాడిన ఆ ఒక్క చరణమే నాకు చెవిలో ఉండిపోయింది.